ఊరంతా షరీఫ్ శ్రుతే

విశాఖపట్నంలో పాడే ప్రతి గొంతూ, ఊదే ప్రతి బూరా, నొక్కే ప్రతి మెట్టూ అసలు ఉండాల్సిన చోటుకి ఒక వెంట్రుకవాసి పైన ఉంటుందని ఒక పుకారు. దానికంతటికీ కారణం వన్‌టౌన్‌లో హార్మోనియాలు బాగుచేసే షరీఫ్ అని, ఆ శ్రుతిని అతను పట్టుకున్నది ఏ గురువు దగ్గరా కాదు, హార్బర్‌లో ఇంజను చెడి ఆగిపోయిన ఒక ఓడ కూత దగ్గర అని ఆ పుకారుకి తోక. నలభై ఏళ్ళుగా ఊళ్ళో తిరుగుతోంది. కళ్ళారా చూశానన్నవాడు ఒక్కడూ లేడు. అలాగని చెప్పడం మానేసినవాడూ లేడు.

షరీఫ్‌కి అరవై ఏడేళ్ళు. కురుపాం మార్కెట్ వెనక సందులో అతని కొట్టు. అందులో నిలబడితే తల చూరుకి తగులుతుంది, కూర్చుంటే మోకాళ్ళు రోడ్డు మీదకి వస్తాయి. అందుకే అతను నలభై ఏళ్ళుగా ఒక వైపుకి ఒరిగి కూర్చుంటాడు, ఇప్పుడు నిలబడినా ఒరిగే ఉంటాడు. తలుపు మీద బోర్డు: "షరీఫ్ హార్మోనియం వర్క్స్. శ్రుతికి గ్యారంటీ." కొయ్యకి గ్యారంటీ లేదు, తోలుకి లేదు, మెట్లకి లేదు. శ్రుతికి మాత్రం ఉంది.

అతని చెవి గురించి చెప్పుకునేవి వింటే మీరు నవ్వుతారు. తగరపువలస నుంచి వచ్చే బస్సు బ్రేకు కీచుమంటే దాని నంబరు చెప్పేవాడట. మూడో ఇంట్లో కుక్కరు కూతేస్తే "అది పప్పు కాదు, మాంసం" అనేవాడట. దోమ చెవి పక్కన పాడితే చంపే ముందు దాని శ్రుతి చెప్పి మరీ చంపేవాడట. భార్య షహజాది మాత్రం ఇవేవీ ఒప్పుకోదు.

"మూడో ఇంట్లో కుక్కరు ఇనిపిస్తాది గానీ ముందు గదిలోంచి నాను పిలిస్తే మాత్రం ఇనిపించదు ఈయనకి," అంటుంది.

షహజాది ఎలా అనుకున్నా, ఊరి సంగీతమంతా ఆ మోకాళ్ళ సందులోంచే పోవాలి. పద్మనాభం ఊరి వైపు నాటకాలు ఆడేవాళ్ళు తొలకరికి ముందు హార్మోనియం పెట్టెలు ఎడ్లబండిలో తెచ్చి పడేసేవాళ్ళు. చర్చి కొండ మీద పాడేవాళ్ళు క్రిస్మస్‌కి నెల ముందే తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఇక స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు. దేశం నలుమూలల నుంచీ పని కోసం వచ్చినవాళ్ళు, సాయంత్రమయ్యేసరికి ఏం చెయ్యాలో తోచక, సెక్టారుకో ఆర్కెస్ట్రా పెట్టేశారు. కొలిమి ఇంకా వెలగకముందే అక్కడ ఆర్కెస్ట్రాలు వెలిగాయంటారు. వినాయక నవరాత్రుల్లో ఒక్క సాయంత్రం నూట ఇరవై ఆర్కెస్ట్రాలు వాయించిన రోజుందట. గాజువాకలో పల్లవి మొదలుపెడితే మర్రిపాలెంలో చరణం అందుకునేవారట, మధ్యలో ఉన్న మల్కాపురం వాళ్ళకి పాట మొత్తం ఊరికే వచ్చేదట. అన్ని పెట్టెలూ షరీఫ్ చేతిలో శ్రుతి అయినవే కాబట్టి నూట ఇరవైలో ఒక్కటి కూడా ఇంకోదానితో గొడవపడలేదు.

ఆర్కెస్ట్రా మొదలవ్వాలంటే ఒక పద్ధతి ఉండేది. ఇప్పటికీ ఉంది. పెద్ద కార్యక్రమమైతే షరీఫ్ స్వయంగా తన పెట్టె తెచ్చుకుని వేదిక మీద ఓ మూల కూర్చుంటాడు. అతను ముందు "సా" నొక్కుతాడు. క్లారినెట్ దాన్ని తీసుకుంటుంది, తబలా దాన్ని తీసుకుంటుంది, గిటారూ వయొలినూ తీసుకుంటాయి. కొత్త కీబోర్డు కొన్నవాడు కూడా ముందు షరీఫ్ దగ్గరికే తెచ్చి పక్కన పెట్టేవాడు. షరీఫ్ మెట్టు నొక్కితే వాడు వెనక ఏదో బటను తిప్పేవాడు, రెండూ ఒకటయ్యేవి. అది జరక్కుండా పాట మొదలుపెట్టిన ఆర్కెస్ట్రా ఈ ఊళ్ళో లేదు.

ఇక ఆ ఓడ సంగతి. షరీఫ్ తండ్రి దగ్గర రంగూను నుంచి వచ్చిన రెండు పళ్ళ ఉక్కు ఫోర్కు ఒకటి ఉండేది. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఒకటే స్వరం పలుకుతుంది. దానికి సరిచూసుకుని తక్కిన రీడ్లన్నీ ఆకురాయితో రాకి అరగదీయడమే ఆ ఇంటి విద్య. రీడు అంటే పెట్టె లోపల ఉండే ఇత్తడి నాలిక. కొస దగ్గర రాకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర రాకితే కిందకి దిగుతుంది. తండ్రికి చెవులు మందగించాక ఫోర్కు కొడుకు చేతికి వచ్చింది. వచ్చిన నెలకే పోయింది.

ఎలా పోయిందన్నదానికి ఊళ్ళో మూడు కథలున్నాయి. బ్యాండు మాస్టరు తాతబాబు చెప్పేది, ఫిషింగ్ హార్బర్‌లో ఒక పడవ మీద పెట్టె బాగుచేస్తుంటే చేతిలోంచి జారి నీళ్ళలో పడిందని. పెళ్ళికి ముందు షహజాదికి ఇస్తే ఆమె జడలో దోపుకుని తిరిగి ఇవ్వలేదని రెండోది. మూడోది మరీ దారుణం, దాంతో సేమియా కలుపుతుంటే విరిగిందట. ఏదైతేనేం, ఇరవై నాలుగేళ్ళ షరీఫ్ తండ్రికి చెప్పలేకపోయాడు. అదే వారం నాటకాల పోటీకి పదకొండు పెట్టెలు వచ్చి కొట్టు ముందు వరుసగా కూర్చున్నాయి.

హార్బర్‌లో ఆగిన ఓడవాళ్ళు రోజూ పొద్దున్న తొమ్మిదిన్నరకి కూత పరీక్షించుకునేవారు. ఆ మోత దొండపర్తి దాకా వినిపించేదని కొందరు, సింహాచలం కొండ మీద కోతులు లేచి నిలబడేవని ఇంకొందరు. షరీఫ్ రెండు రోజులు విన్నాడు. మూడో రోజు, మా అబ్బా ఫోర్కు పలికేది ఇదే కదా, కొంచెం బొంగురుగా ఉందంతే అనుకున్నాడు. పదకొండు పెట్టెలూ దానికే రాకాడు. అసలు తేడా ఎక్కడుందో అతని చెవికి తెలుసు. తెలిసీ, చెవిని నోరు మూసుకోమన్నాడు. ముసలాయన అన్నీ వాయించి చూసి "బాగుంది బేటా" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ శ్రుతి ఊరిమీద పడింది.

ఇదంతా పాత సంగతి. అసలు గొడవ మొన్న మే నెలలో వచ్చింది.

షరీఫ్ మనవరాలు గజాలా అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ చేస్తుంది. ఆ పిల్లకి కొలవడం జబ్బు. నానమ్మ చేసిన రొట్టెని స్కేలు పెట్టి కొలిచి "అంచు రెండు మిల్లీమీటర్లు మందంగా వచ్చింది" అని చెప్పి మరీ తింటుంది. అలాంటి పిల్ల ఒక గిటారు కొంది. ఫోనులో యాప్ చూసి తీగలు బిగించింది. ఆదివారం మధ్యాహ్నం తాత పెట్టె తీసి వాయిస్తుంటే పక్కన కూర్చుని తనూ మీటింది. ఇంట్లో పిల్లి లేచి వెళ్ళిపోయింది.

"నీ గిటారు దిగిపోనాదే," అన్నాడు షరీఫ్.

"నాది కరెక్టే దాదా. యాప్‌లో చూసి పెట్టేను. నీ పెట్టే ఎక్కువ పలుకుతంది."

"యాప్‌కి సెవులెక్కడున్నాయే?"

"మైకుంది."

"మైకు అరిసీది. వినీది కాదు."

గజాలా వాదించలేదు. ఫోను తీసి పెట్టె మీద పెట్టింది. "ఆ మెట్టు నొక్కు. సెకనుకి నాలుగు వందల నలభై కంపనాలు రావాలి," అంది. షరీఫ్ నొక్కాడు. ఫోను మీద అంకె వణికి, ఆగింది.

"నాలుగు వందల నలభై ఏడు," అంది గజాలా.

"ఏడేనా?"

"మా ఫ్యాక్టరీలో ఏడు తేడా వస్తే లాటంతా రిజెక్టు, దాదా."

"మీ ఫ్యాక్టరీ సరుకు పెళ్ళిలో వాయిస్తారేటే," అన్నాడు షరీఫ్. కానీ ఆ మాటలో ఉప్పు లేదు. నలభై ఏళ్ళుగా తన చెవికి మాత్రమే తెలుసనుకున్న రహస్యం ఇప్పుడు ఫోను మీద పచ్చగా మెరుస్తోంది. షహజాది లోపల్నుంచి "ఏటైంది?" అంటే ఇద్దరూ ఏకంగా "ఏం లేదు" అన్నారు. ఏం లేదని ఇద్దరు కలిసి చెప్పారంటే ఏదో ఉందనే కదా. ఆమె ఆ సాయంత్రమంతా వాళ్ళ వంక అదోలా చూస్తూనే ఉంది.

రెండు రోజులకి దేవీప్రసాద్ కొట్టు ముందు స్కూటరు దిగాడు. స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్ళు క్రేను తిప్పి, సాయంత్రాలు కీబోర్డు వాయించి, రిటైరయ్యాక కీబోర్డొక్కటే మిగిలిన మనిషి. ఊళ్ళో పాత ఆర్కెస్ట్రాల వాళ్ళందరినీ పోగేసి వచ్చే ఆదివారం ఒక పాటల సాయంత్రం పెట్టాడు. చేపల వేట నిషేధం రోజులు కాబట్టి జాలరిపేటల్లో అందరూ పని లేక ఖాళీగా ఉన్నారు, హాలు నిండిపోతుందని అతని లెక్క.

"గురువుగారూ, సివర్లో ఊరి మీద ఒక కొత్త పాట. సిట్టమ్మ పాడతాది, తాతబాబు క్లారినెట్టు, మీ పెట్టె. వయొలిన్లు మాత్రం చెన్నైలో రికార్డు చేయించీసేం. ఇరవై మంది. లాప్‌టాప్‌లో ఉన్నాయి."

షరీఫ్ గుండె పెట్టె తిత్తిలా ఒకసారి నొక్కుకుంది. "లాప్‌టాప్‌లో ఉన్న వయొలిన్లు నాను సా ఇస్తే తీసుకుంతాయేటి?"

"అవేటి తీసుకుంతాయి గురువుగారూ, అవి రికార్డయిపోనాయి కదా. అందరం వాటికే కలవాలి." దేవీప్రసాద్ స్కూటరెక్కుతూ ఇంకో మాట కూడా అన్నాడు. "అన్నట్టు, ఆరోజు మీకు శాలువా. విశాఖపట్నం చెవి అని బిరుదు కూడా రాయించీసేం."

షరీఫ్ ఆదివారాన్ని ఊహించుకున్నాడు. ఎనిమిది వందల మంది ముందు చెన్నై వయొలిన్లు ఒక దారి, తన పెట్టె ఒక దారి పడతాయి. ఆ తర్వాత శాలువా కప్పుతారు. గ్యారంటీ బోర్డు పెట్టి నలభై ఏళ్ళు బతికిన మనిషికి అంతకంటే పెద్ద అవమానం ఇంకేం ఉంటుంది.

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక షరీఫ్ పెట్టె విప్పాడు. ఎనభై నాలుగు రీడ్లు. ఒక్కొక్కదాన్నీ మొదలు దగ్గర రాకి ఏడు దించాలి. దించేస్తే ఎవరికీ తెలియదు, ఆదివారం పెట్టె లాప్‌టాప్‌తో కలిసిపోతుంది, పేరు నిలుస్తుంది. సన్నటి ఆకురాయి తీసుకుని మధ్యలో ఉన్న సా రీడు పట్టుకున్నాడు. నాలుగు రాకులు, ఒకసారి ఊదడం. నాలుగు రాకులు, ఒకసారి ఊదడం. ముక్కాలు గంటకి ఆ ఒక్క రీడు దిగింది. గజాలా ఫోనులో చూపిస్తే సరిగ్గా నాలుగు వందల నలభై జాగాలో ఉంది. షరీఫ్‌కి మాత్రం తన ఇంట్లో ఎవరో కొత్త మనిషి మాట్లాడినట్టుంది.

అప్పుడే చిట్టమ్మ వచ్చింది. పెదజాలరిపేట మనిషి. పొద్దున్న చేపలు, సాయంత్రం పాటలు. ఆమె తల్లి కూడా ఆర్కెస్ట్రాల్లోనే పాడింది. చిట్టమ్మ చేపలమ్మే కేక ఎంత గట్టిదంటే, సముద్రంలో ఉన్న పడవలు దాన్ని విని ఒడ్డు ఎటో తెలుసుకునేవంటారు. వేట లేదు కాబట్టి ఎండుచేపల గంప దింపి గడప మీద కూలబడింది.

"బాబాయ్, సా ఇయ్యి. ఎల్లుండి పాటకి గొంతు సూసుకుంతాను."

షరీఫ్ ఆలోచించకుండా నొక్కాడు. చిట్టమ్మ నోరు తెరిచింది. ఎప్పుడూ గురి తప్పని గొంతు, ఈసారి దానిమీద నిలబడలేదు. కాలికింద మెట్టు ఒక అంగుళం దిగినట్టు తడబడింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ పైకే పోయింది.

"నా గొంతుకేటయ్యింది బాబాయ్?"

ఆ ముఖంలో భయం చూసి షరీఫ్ చేతిలో ఆకురాయి ఆగిపోయింది. చిట్టమ్మ గొంతుని పసిపిల్లప్పటి నుంచీ కట్టింది ఈ పెట్టే. పెట్టెని దించితే తన పేరు నిలుస్తుంది, ఆమె గొంతు కూలుతుంది.

"నీ గొంతుకేటీ అవనేదు," అన్నాడు. "పెట్టె విప్పీసి ఉంది కదా, అందుకు. ఇంటికెల్లి పడుకో, మజ్జిగ తాగు."

"మజ్జిగ తాగితే పెట్టె బాగవుతాదేటి?"

"నువ్వు మాటాడకుండా ఒల్లకుండు, ఎల్లు," అని గంప ఎత్తి నెత్తిన పెట్టి పంపించేశాడు. ఎనభై మూడు రీడ్లు పాత చోట, ఒకటి కొత్త చోట. పెట్టె మూసేశాడు. కొలిచి చెప్పిన గజాలాయే ఇప్పుడు కొలవలేనంత జాలితో తాతని చూసింది.

శనివారం పొద్దున్న హాల్లో రిహార్సలు. పద్నాలుగు మంది వాయించేవాళ్ళు, సౌండు చూసుకోడానికి బయటి ఊరి నుంచి వచ్చిన ఒక మనిషి, వెనక కుర్చీల్లో గజాలా. షరీఫ్ పద్ధతి ప్రకారం సా నొక్కడానికి చెయ్యి ఎత్తాడు. దిగిన రీడు నొక్కడానికి మనసొప్పక, దాని పై స్థాయిలో ఉన్న సా నొక్కాడు. అందరూ దానికి సరిచూసుకున్నారు. సౌండు మనిషి లాప్‌టాప్ మీద వేలు వేశాడు.

ఇరవై వయొలిన్లు ఒకేసారి లేచాయి. ఇటువైపు తాతబాబు క్లారినెట్ లేచింది. కురుపాం మార్కెట్ సందులో రెండు లారీలు ఎదురెదురుగా వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఏదీ వెనక్కి పోదు, రెండూ హారను కొడుతూనే ఉంటాయి. హాలు చూరులో ఉన్న పావురాలు పోర్టు వైపు ఎగిరిపోయాయని, మళ్ళీ రాలేదని చెప్తారు. చిట్టమ్మ ఒక ముక్క పాడి ఆపేసింది.

"హార్మోనియం తేడాగా ఉంది సార్," అన్నాడు సౌండు మనిషి, దేవీప్రసాద్‌తో. "దాన్ని తీసేద్దాం. దాన్ని పట్టుకునే అందరూ తప్పుతున్నారు."

పద్నాలుగు తలలూ షరీఫ్ వైపు తిరిగాయి. షరీఫ్ లేచాడు. ఒరిగే నిలబడ్డాడు.

"ఆయన సెప్పింది నిజమే," అన్నాడు. "నా శ్రుతి తప్పు. మొదట్నుంచీ తప్పే. అబ్బా ఇచ్చిన ఫోర్కు నాను పోగొట్టీసినాను. ఓడ కూత ఇని రాకినాను. మీరందరూ నన్ను నమ్మీసి నలభై ఏళ్ళు పాడినారు. నాకు శాలువా ఒద్దు. పెట్టె అవతల పెట్టీండి, మీరు లాప్‌టాప్‌కి పాడండి."

చెప్పేసి కూర్చున్నాడు. తేలికవుతుందనుకున్నాడు. ఇంకా బరువయ్యింది.

ముందు లేచింది తాతబాబు. గుబురు మీసం, పెళ్ళి బ్యాండు ఎర్రకోటు, రిహార్సలుకి కూడా అదే. క్లారినెట్ తీసుకుని షరీఫ్ ముందుకి వచ్చాడు.

"బావా, దీన్ని సూడు. దీని మెడ అరంగుళం పొట్టి. నాను కొన్నప్పుడు పొట్టి కాదు. నీ పెట్టెకి కలవట్లేదని హాక్‌సా బ్లేడు పెట్టి కోసీసినాను. ఇప్పుడు నువ్వు తప్పంటే నాను ఏటి సెయ్యాలి? కోసిన ముక్క ఎతికి అతికించాలా?"

"నీకు... తెలుసా తాతబాబూ?"

"తెలీకుండా మెడ కోస్తారేటి బావా?"

దేవీప్రసాద్ తన కీబోర్డు ఇటు తిప్పాడు. దాని చిన్న అద్దంలో అంకె వెలుగుతోంది. నాలుగు వందల నలభై ఏడు.

"తొంభై రెండు నుంచీ అదే గురువుగారూ," అన్నాడు. "మూడు కీబోర్డులు మారినాయి. కొన్న రోజే ఏడు పైకి పెట్టీడం. మాలో మేం దీన్ని షరీఫ్‌లో పెట్టడం అంటాం. మీ ముందు అననేదు, అంతే."

వెనక నుంచి గిటారు వాయించేవాడు, తబలా వాయించేవాడు, అవునవునని తలలూపారు. షరీఫ్ ఒక్కొక్కరి ముఖం చూశాడు. నలభై ఏళ్ళు తను దాచిన దాన్ని వీళ్ళంతా తన దగ్గర దాచారు.

"అంటే ఊరందరికీ తెలుసన్నమాట," అన్నాడు.

"ఊరందరికీ తెలుసు బాబాయ్," అంది చిట్టమ్మ. "నీకు తెలుసన్న సంగతే మాకు తెలీదు. నీకు బాధనిపిస్తాదని మేం ఒల్లకున్నాం." అని దగ్గరికొచ్చి పెట్టె మీద చెయ్యి వేసింది. "నిన్న ఇందులో ఏటో సేసినావు కదా? నా గొంతు పోయిందనుకుని ఇంటికెల్లి ఏడ్సినాను. మజ్జిగ కూడా తాగినాను. మా అమ్మ దీనికే పాడింది, నాను దీనికే పాడతన్నాను. నువ్వు తప్పంటే సచ్చిపోయిన మా అమ్మ కూడా తప్పు పాడినట్టే. ఆ మాట నువ్వు సెప్తావా?"

"నాను ఆలాగ అననేదే తల్లీ..."

"అయితే ఓడ కూత అనీసి ఇంకెప్పుడూ అనకు."

"నిజం కదే."

"నిజమైతే మాత్రం?" అన్నాడు తాతబాబు. "నువ్వు ఒక్కడివి తప్పైతే పోనీలే అందుము. నువ్వు తప్పైతే మేం పద్నాలుగు మందిమీ, సెక్టార్లలో వాయించినోళ్ళూ, సర్చిలో పాడినోళ్ళూ, నా బ్యాండు మీద పెళ్ళయిన జంటలూ అందరం తప్పు. ఏడువేల పెళ్ళిళ్ళు బావా. అవన్నీ మళ్ళీ సేయించమంటావా?"

ఏడువేలన్నది తాతబాబు లెక్క. నాలుగొందలు ఉండొచ్చు. కానీ ఆ పూట దాన్ని ఎవరూ తగ్గించలేదు.

షరీఫ్ పెట్టె మూత తీశాడు, జేబులోంచి ఆకురాయి తీశాడు. తాతబాబు ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. శుక్రవారం దించిన ఆ ఒక్క రీడుని ఈసారి కొస దగ్గర రాకడం మొదలుపెట్టాడు. నాలుగు రాకులు, ఒకసారి ఊదడం. పద్నాలుగు మంది చుట్టూ మూగి పురుడు పోస్తున్నట్టు చూశారు. చిట్టమ్మ కళ్ళు మూసుకుని "ఇంకా పైకి, ఇంకా, ఆఁ, అక్కడ" అంది. ఫోను అక్కర్లేకపోయింది.

సౌండు మనిషి ఒక్కడే గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. "అదంతా బాగానే ఉంది సార్. మరి ఈ వయొలిన్ల సంగతి? వీటిని మళ్ళీ రికార్డు చేయించాలంటే నెల పడుతుంది."

గజాలా అప్పటికే అతని లాప్‌టాప్ ముందు కూర్చుంది. "దీన్ని ఏడు పైకి లాగితే సరిపోద్ది కదండీ," అంది.

"స్టాండర్డు నాలుగు వందల నలభై మేడమ్. చెన్నైలో, బొంబాయిలో, ఎక్కడైనా..."

"ఇక్కడ నాలుగు వందల నలభై ఏడు," అంది గజాలా, కొలిచి చెప్పినట్టు. ఆమె వేలు ఒక గీత మీద పెట్టి కాస్త జరిపింది. మీట నొక్కింది. చెన్నైలో కూర్చుని వాయించిన ఇరవై మందీ రైలు కూడా ఎక్కకుండా వైజాగ్ వచ్చేశారు. తాతబాబు క్లారినెట్ వాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళింది. చిట్టమ్మ నోరు తెరిచింది. సౌండు మనిషి చెవుల మీద పెట్టుకున్నవి తీసేసి, ఊరికే విన్నాడు.

ఆదివారం సాయంత్రం హాలు ఎనిమిది వందల మందికి. వచ్చింది రెండు వేలన్నా ఉంటారు, లోపల పట్టనివాళ్ళు కిటికీలకి వేలాడారు, చెట్లెక్కారు, జాలరిపేట నుంచి వచ్చినవాళ్ళు బయట వలలు పరుచుకుని కూర్చుని విన్నారు. చిట్టమ్మ చివరి పాట ఎత్తుకుంటే పోర్టులో క్రేన్లు ఆగిపోయాయట. షరీఫ్‌కి శాలువా కప్పారు. ఆ శాలువా ముడత పడకుండా ఒరిగి నిలబడటం అతనికి కష్టమయ్యింది, రెండుసార్లు జారిపోతే రెండుసార్లూ షహజాదే వేదిక ఎక్కి సర్ది దిగింది. రెండోసారి దిగుతూ చెవిలో ఏదో అంది. ఏమందో తెలియదు గానీ షరీఫ్ పెళ్ళికొడుకులా నవ్వాడు.

కిందకి దిగాక ఒక లోకల్ ఛానెల్ అమ్మాయి మైకు పట్టుకుని ఎదురొచ్చింది. ఆశ అని పేరు చెప్పుకుంది. ఎవరో ఆమె చెవిలో ఊదేశారు. ఎవరో ఏంటి, వన్‌టౌన్‌లో సగం మంది ఊది ఉంటారు.

"షరీఫ్ గారూ, ఈ ఊరి శ్రుతి మీరు ఓడ కూత విని పెట్టినదని ఒక మాట ఉంది. నిజమేనా?"

షరీఫ్ వెనక్కి చూశాడు. తాతబాబు క్లారినెట్‌ని చంటిపిల్లలా గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. దేవీప్రసాద్ పైకి చూస్తున్నాడు. చిట్టమ్మ పమిట నడుముకి దోపుకుని, మా బాబాయ్ ఏమంటాడో వినండి అన్నట్టు చుట్టూ ఉన్నవాళ్ళని చూస్తోంది.

"ఓడా?" అన్నాడు షరీఫ్. "ఏ ఓడమ్మా? నాను ఓడని దగ్గరగా సూడనేదు. ఫోర్కు పోనేదు, కూత ఇననేదు. నిన్న రిహార్సల్లో నాను నోరు ఇప్పనేదు, కావాలంటే ఈలందర్నీ అడుగు. ఎవడో పనీ పాటా లేనోడు కట్టిన కథ ఇది. మొదట్నుంచి సివరిదాకా అబద్ధం."

"ఒక్క ముక్క కూడా నిజం లేదా అండీ?"

"ఒక్క ముక్క కూడా నేదు. ఆ ఓడ కెప్టెనెవడో నాకు తెలీదు, ఆడు నన్ను లోపలికి పిలిసి నల్లటి టీ ఇవ్వనేదు, పాలు లేకుండా టీ ఏటని నాను అడగనేదు."

ఆశ మైకు కొంచెం దించింది. "కెప్టెన్ గురించి నేను అడగలేదండీ."

షరీఫ్ శాలువా సర్దుకున్నాడు.

"నువ్వు అడగనేదు కదమ్మా," అన్నాడు. "నానూ సెప్పనేదు."